బయోలో 'లోడింగ్' అని రాసుకునే ముందు

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మన ఇళ్లలో ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఎంపీసీయా, బైపీసీయా? చాలా ఇళ్లలో పిల్లలను కూర్చోబెట్టి అడిగి తీసుకునే నిర్ణయం కాదిది. కాలేజీలో ఫీజు కట్టిన నెలలోపు ఇన్‌స్టాగ్రామ్ బయో కూడా మారిపోతుంది. 'ఫ్యూచర్ డాక్టర్', 'నీట్ ఆస్పిరెంట్', 'ఐఐటీ లోడింగ్'. నేనెవరు అనే ప్రశ్నకు పదిహేనేళ్లకే జవాబు దొరికినట్టు కనిపిస్తుంది గాని, ఆ జవాబు కోసం పిల్లలు వెతికింది ఏమీ లేదు.

జేమ్స్ మార్సియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో సరిగ్గా ఇదే విషయాన్ని రెండు ప్రశ్నలతో పరిశీలించారు. ఈ యువకుడు తనకేం కావాలో వెతికాడా? ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా? వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అంటే గాలికి తిరుగుతున్నట్టు. ఇంకా వెతుకుతూనే ఉన్నాడంటే మధ్యలో ఉన్నట్టు. వెతికి కట్టుబడ్డవాడు నిలదొక్కుకున్నట్టు. నాలుగోది మన దగ్గర ఎక్కువగా కనిపించే రకం: వెతక్కుండానే కట్టుబడ్డవాడు. ఈ నాలుగోవాడు చూడ్డానికి చాలా స్థిరంగా ఉంటాడు. అమ్మానాన్నలు నిశ్చింతగా ఉంటారు. చిక్కంతా మొదటి గట్టి దెబ్బ దగ్గర వస్తుంది. వీక్లీ టెస్టులో సెక్షన్ మారినా, లాంగ్ టర్మ్ తీసుకున్నా ర్యాంకు రాకపోయినా, పోయింది ఒక పరీక్ష మాత్రమే అని అనుకోలేడు. తనే పోయినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పరీక్ష పక్కన 'నేను' అని చెప్పుకోవడానికి ఇంకేమీ పోగుపడలేదు.

ఫోన్ ఇక్కడ శత్రువు కానక్కర్లేదు. పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న అమ్మాయి యానిమేషన్ ఎలా చేస్తారో, ఫోరెన్సిక్ ల్యాబులో ఏం పని ఉంటుందో, బధిరుల సంజ్ఞా భాష ఎలా నేర్చుకుంటారో ఇంట్లోంచే చూడగలుగుతోంది. ఇరవై ఏళ్ల క్రితం ఆ వయసు వాళ్లకు తెలిసిన వృత్తులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. స్క్రీన్ ముందు గడిపే గంటల గురించి ఇళ్లలో జరిగే గొడవల్లో సగం అనవసరం అని కూడా నా అభిప్రాయం. ఎమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే పరిశోధకులు 2019లో మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయసు వాళ్ల సమాచారం తీసుకుని చూశారు. పిల్లల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది 0.4 శాతానికి మించలేదు. అది సగటు లెక్క. ఒక్కో పిల్లవాడికి హాని జరగదని దాని అర్థం కాదు. కాకపోతే గంటలు లెక్కపెట్టి ఊరుకుంటే అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. ఆ గంటల్లో ఫోన్ ఏం అందించింది, ఏం అందించలేదు?

దీనికి ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పిన లెక్క ఇప్పటికీ బాగా పనికొస్తుంది. 'ఈ పని నేను చేయగలను' అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నారు. మొదటిది, ఆ పని స్వయంగా చేసి నెగ్గడం. రెండోది, మనలాంటివాడే చేస్తుండగా చూడటం. మూడోది, మనం నమ్మే మనిషి 'నీవల్ల అవుతుంది' అనడం. నాలుగోది, ఒంట్లో కలిగే దడ, చెమట, అలసటలను మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. మిగతావి దానికి తోడు వస్తాయి గాని దాని స్థానంలో నిలబడలేవు.

ఇప్పుడు పదిహేడేళ్ల పిల్లవాడి ఒక రోజు ఫీడ్‌ను ఈ నాలుగు గడుల్లో వేసి చూడండి. మూడోది కుప్పలుతెప్పలుగా దొరుకుతుంది: మోటివేషన్ రీల్స్, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో సినిమా డైలాగులు. రెండోదీ బోలెడంత. మొదటిది దాదాపు సున్నా. ఒడ్డున కూర్చుని ఎన్ని ఈత వీడియోలు చూసినా బావిలో దూకే ధైర్యం రాదు. రీల్ చూసినప్పుడు వచ్చే ఊపు అరగంటలో దిగిపోవడానికి కారణం సంకల్పబలం లేకపోవడం కాదు. ఆ ఊపుకు ఆధారంగా చేతిలో చేసిన పని ఏదీ లేకపోవడం.

రెండో దారిలో ఒక సూక్ష్మం ఉంది, దాని మీద కాస్త ఆగాలి. డేల్ షంక్ అనే పరిశోధకుడు 1980లలో లెక్కల్లో వెనకబడిన పిల్లలతో పనిచేశారు. తడబడుతూ, తప్పు చేసి, సరిదిద్దుకుంటూ నేర్చుకునే తోటి పిల్లలను చూపించడం ఇలాంటి పిల్లల నమ్మకాన్ని పెంచుతుందని ఆ పరిశోధనల్లో కనిపించింది. వాళ్లకు 'వాడూ నాలాగే తికమకపడ్డాడు, బయటపడ్డాడు' అనిపిస్తుంది. మొదటి నుంచి అలవోకగా చేసేసేవాడిని చూస్తే ఆ పోలిక కుదరదు. రీల్‌లో కనిపించేది ఎప్పుడూ ఈ అలవోకగా చేసేవాడే. ముప్పై సెకన్లలో తడబాటుకు చోటు లేదు, దాన్ని ఎడిటింగ్‌లో తీసేస్తారు. కాబట్టి చూసేవాడికి రెండే మిగులుతాయి: ఆశ్చర్యం, 'నావల్ల కాదు' అన్న భావం.

అందుకే ఏ నైపుణ్యం నేర్చుకోవాలన్నా వెతికే పద్ధతి మార్చాలి. కోడింగ్ అయినా, మృదంగం అయినా, లెగ్ స్పిన్ అయినా, 'బెస్ట్' అనో 'టాప్' అనో వెతికితే ఆరితేరినవాళ్లే వస్తారు. 'మొదటి నెల', 'నేను చేసిన తప్పులు', 'బిగినర్' లాంటి మాటలు కలిపి వెతకండి. ఇరవై నిమిషాలు దాటిన వీడియోలే వచ్చేలా ఫిల్టర్ పెట్టండి. చెప్పేవాడు మధ్యలో ఎక్కడైనా ఆగి 'ఇది తప్పొచ్చింది, ఎందుకో చూద్దాం' అన్నాడా లేదా చూడండి. అనని వీడియో సమాచారానికి పనికొస్తుంది, నమ్మకానికి పనికిరాదు.

ఫీడ్‌ను సరిచేయడం పది నిమిషాల పని. ఇన్‌స్టాగ్రామ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి కంటెంట్ ప్రిఫరెన్సెస్‌లో రీసెట్ సజెస్టెడ్ కంటెంట్ నొక్కితే అది సూచించే పోస్టులు మొదటి నుంచి మొదలవుతాయి. చాలామంది ఇది చేసి, వారానికి మళ్లీ పాత ఫీడే వచ్చిందని వదిలేస్తారు. రీసెట్ తర్వాత మీ వేలు ఎక్కడ ఆగిందో అదే కొత్త ఫీడ్‌కు విత్తనం. మొదటి మూడు నాలుగు రోజులు అక్కర్లేని ప్రతి రీల్ మీద 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కాలి, కోపంతో చూసినా చూసినట్టే లెక్క. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది, వెతుకుడు గడి మాత్రం ఉంటుంది. అప్పుడు మీరు కావాలని వెతికిందే చూస్తారు. ఇతరుల పోస్టుల లైకుల సంఖ్య కనిపించకుండా దాచే వీలు ఇన్‌స్టాగ్రామ్ 2021 నుంచి ఇస్తోంది. దాని వల్ల కొందరికి ఊరట, కొందరికి తేడా ఏమీ తెలియదు. పెట్టి చూసి నిర్ణయించుకోవచ్చు.

ర్యాంకుల పోస్టులు ఫీడ్‌లో వరుసకట్టే రోజుల్లో ఒక చిన్న లెక్క వేసుకోవాలి. జేఈఈ మెయిన్‌లో ఇచ్చేది పర్సంటైల్, మార్కుల శాతం కాదు. పన్నెండు లక్షల మంది రాశారనుకుంటే 98 పర్సంటైల్ వచ్చిన పిల్లవాడి ముందు ఇరవై నాలుగు వేల మంది, వెనక పదకొండు లక్షల డెబ్భై ఆరు వేల మంది ఉంటారు. కాని ఆ రోజు ఫోన్‌లో అతనికి కనిపించేది 99.9 దాటిన ముఖాలే. పత్రికల మొదటి పేజీల్లో హాల్ టికెట్ నంబర్లతో కనిపించేదీ వాళ్లే. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింజర్ 1954లోనే చెప్పారు, మనిషి తన శక్తిని తనకు దగ్గరగా ఉన్నవాళ్లతో పోల్చి అంచనా వేసుకుంటాడని. ఆ దగ్గరి వరుసంతా మాయమై చిట్టచివరి కొస ఒక్కటే కళ్ల ముందు నిలబడితే, బాగా చదివే పిల్లవాడికి కూడా తను దేనికీ పనికిరానివాడిగా అనిపించడంలో వింతేముంది?

చూసేవాళ్ల గురించిన భయం ఇంకొకటి. కౌమారంలో ఉన్నవాళ్లు ఒక ఊహా ప్రేక్షక గుంపు ముందు బతుకుతారని డేవిడ్ ఎల్‌కైండ్ 1967లో రాశారు. ఇప్పుడు ఆ గుంపుకు అంకెలు వచ్చాయి: స్టోరీ 143 మంది చూశారు, స్పందించింది ఇద్దరు. థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని విద్యార్థులు తోటివాళ్లున్న గదిలోకి వెళ్లారు. సుమారు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది దాదాపు పావు వంతే. స్టోరీ చూసిన 143 మందిలో ఎంతమంది వేలు ఆపకుండా దాటేశారో ఫోన్ చెప్పదు.

ఇక బయోలో రాసుకునే మాట సంగతి. పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో కాబోయే న్యాయవాదుల లాంటి విద్యార్థులపై చేసిన ప్రయోగాల్లో, తమ లక్ష్యం కోసం ఏం చేయాలనుకుంటున్నారో ఇతరుల దృష్టికి వచ్చినవాళ్లు ఆ దిశగా పని తక్కువ చేశారు. నలుగురూ గుర్తించేసరికి ఆ గుర్తింపు కొంత చేతికి వచ్చేసినట్టే అనిపిస్తుందని వాళ్ల వివరణ. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ ఫొటో, 'గ్రూప్స్ గ్రైండ్, డే 1' అనే క్యాప్షన్ పెట్టగానే వచ్చే నిప్పుల ఎమోజీలు చేసే పని ఇదే. పోస్టు పెట్టొద్దని కాదు. వరస మార్చండి. ముందు పని, తర్వాత పోస్టు. 'రేపటి నుంచి రోజూ' అనే మాట బయటికి పోకూడదు, 'ఈ నెలలో ఇవి చేశాను' అనేది పోవచ్చు.

పని పోగుచేసే పద్ధతి ఇప్పుడు వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదంతా చివరికి దీని మీదే నిలబడుతుంది. బండూరా, షంక్ కలిసి 1981లో తీసివేతలు రాని ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు 42 పేజీల లెక్కలు ఇచ్చారు. ఒక గుంపుకు 'రోజుకు ఆరు పేజీలు' అన్నారు, ఇంకో గుంపుకు 'ఏడు రోజుల్లో 42 పేజీలు' అన్నారు, మూడో గుంపుకు ఏ గడువూ పెట్టలేదు. లెక్క ఒకటే, ఆరేడులు నలభై రెండు. అయినా రోజుకు ఆరు అన్నవాళ్లకే లెక్కలు వచ్చాయి, నమ్మకం పెరిగింది, ఇష్టం కూడా కలిగింది. మొత్తం 42 అన్నవాళ్లు, ఏ గడువూ లేనివాళ్ల కన్నా మెరుగుపడలేదు.

దీన్ని ఇంటర్ సెకండియర్ పిల్లకు వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. 'ఆదివారానికి ఇంటిగ్రేషన్ అయిపోవాలి' అనేది పక్కన పెట్టాలి. రోజుకు ఐదు లెక్కలు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు సొంతంగా, ఆ తర్వాతే సొల్యూషన్ వీడియో. ఐదింటిలో మూడు సొంతంగా వచ్చే స్థాయి ఎంచుకోవాలి. ఐదూ వచ్చేస్తుంటే అది తేలిక, దాని నుంచి నమ్మకం రాదు, కాలక్షేపమే. ఒక్కటీ రాకపోతే ముందు చాప్టరుకు వెనక్కి వెళ్లాలి. ఒక రూళ్ల నోటుబుక్కులో రోజుకు ఒక వరస: ఏం ప్రయత్నించాను, ఎక్కడ ఆగిపోయాను, తర్వాత ఏం చేశాను. మూడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అసలు విలువ దానిదే. ఆగిపోయిన చోటు నుంచి బయటపడ్డ గుర్తులు పదిహేను ఇరవై పోగుపడితే, టెస్టు ముందు రాత్రి తిరగేసుకోవడానికి అంతకన్నా మంచి పేజీలు ఉండవు.

నోటుబుక్కే ఎందుకంటే, రాయడానికి ఫోన్ తెరిచిన చేయి నోటిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. యాప్‌లలోని స్ట్రీక్ లెక్క ఇంకో చిక్కు తెస్తుంది. నలభై రోజుల స్ట్రీక్ ఒక జ్వరంతో తెగితే, నలభై రోజుల పని కూడా పోయినట్టు అనిపించి మానేస్తారు. నోటుబుక్కులో మధ్యలో రెండు రోజులు రాయకపోయినా ముందు పేజీలు ఎక్కడికీ పోవు.

తెలుగు మీడియంలో చదివి బీటెక్‌లో చేరినవాళ్లకు సెమినార్ అంటే గుండె దడ. వాళ్లకు ఇదే పద్ధతి మరో రూపంలో. ఒకే అంశం మీద రోజూ తొంభై సెకన్లు ఇంగ్లీషులో మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయాలి, ఎవరికీ పంపకూడదు. అంశం వారమంతా మార్చకూడదు. మార్చితే ప్రతిరోజూ కొత్త మాటలు వెతుక్కోవడంలోనే శక్తి పోతుంది, మెరుగుదల వినబడదు. మొదటి రోజుదీ ఏడో రోజుదీ పక్కపక్కన వినాలి. రెండో వారం ఒక స్నేహితుడి ముందు, మూడో వారం హాస్టల్ గదిలో నలుగురి ముందు, ఆ తర్వాతే క్లాసు. నేరుగా క్లాసుకు దూకినవాళ్లు ఒకసారి తడబడి ఇంక ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుంటారు. మెట్టుమెట్టుగా వెళ్లినా దడ ఉంటుంది. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించినదేమంటే, వేదిక ఎక్కే ముందు ఆ దడను అణచుకోవడం కన్నా 'నాకు ఉత్సాహంగా ఉంది' అని తనకు తాను చెప్పుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. బండూరా చెప్పిన నాలుగో దారి అంటే ఇదే.

చాట్‌జీపీటీ గురించి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. అసైన్‌మెంట్ మొత్తం అదే రాసిపెడితే మార్కులు వస్తాయి, స్వయంగా చేసి నెగ్గే మొదటి దారి మూసుకుపోతుంది. మార్కులొచ్చిన ప్రతిసారీ 'ఇది నాది కాదు' అన్న మాట లోపల మిగులుతుంది, క్యాంపస్ ఇంటర్వ్యూలో అదే బయటపడుతుంది. ముందు మీ డ్రాఫ్టు రాయండి, ఎంత వంకరగా ఉన్నా సరే. దాన్ని ఇచ్చి 'తిరిగి రాయవద్దు, మూడు తప్పులు మాత్రం చూపించు' అని అడగండి. తర్వాత ఆ కిటికీ మూసేసి మీరే దిద్దండి.

అమ్మానాన్నలకు రెండే మాటలు. క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, 'నువ్వు చాలా తెలివైనవాడివి' అని పొగిడించుకున్నవాళ్లు ఒకసారి ఓడిపోగానే పట్టుదల కోల్పోయారు. 'బాగా కష్టపడ్డావు' అనిపించుకున్నవాళ్లు కష్టమైనా కొత్తది నేర్పే సమస్యలే ఎంచుకున్నారు. అయితే కష్టపడ్డావని ఊరికే అంటే పదిహేడేళ్లవాడు నమ్మడు. 'ఆ లెక్క రెండు రకాలుగా చేసి చూశావు కదరా, రెండోది ఎలా తట్టింది?' అని అడగండి. రెండో మాట: కాలేజీ వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల జాబితా పడగానే కింది నుంచి పైకి వెతకడం మానండి. మీ అమ్మాయివే గత మూడు టెస్టులు పక్కపక్కన పెట్టి, ఏ చాప్టరులో మార్కులు కదిలాయో ఆమెతో కలిసి చూడండి.

పిల్లలు రెండో అకౌంట్ పెట్టుకున్నారనో, వాట్సాప్ స్టేటస్ బంధువులకు కనబడకుండా దాచారనో ఇళ్లలో గొడవలవుతుంటాయి. అందులో సాధారణంగా మోసమేమీ ఉండదు. బాబాయి, ట్యూషన్ సార్, చెల్లి, క్లాసులో బెస్ట్ ఫ్రెండ్ అందరూ ఒకే తెర ముందు కూర్చుంటే ఎవరైనా ఏ మాటా మాట్లాడలేరు. పూర్వం పిల్లలు గట్టు మీద ఒకలా, నట్టింట్లో ఒకలా మాట్లాడేవాళ్లు. ఇప్పుడు ఆ పని వాట్సాప్‌లో 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' అనే సెట్టింగ్ చేస్తోంది. పట్టించుకోవలసింది వేరే చోట ఉంది: రెండో అకౌంట్‌లో తెలియనివాళ్లు ఉన్నారా, ఎవరైనా ఫొటోలు అడుగుతున్నారా, డబ్బు ప్రస్తావన వచ్చిందా? ఈ మూడింటిలో ఏదున్నా పిల్లవాడిని తిట్టకుండా ముందు స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత బ్లాక్ చేసి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ముందే తిడితే రెండోసారి చెప్పరు.

క్రియేటర్ కావాలనుకునే పిల్లలతో 2020 జూన్ 29 గురించి మాట్లాడండి. ఆ రోజు ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. మన పల్లెల్లో లక్షల ఫాలోయర్లు ఉన్నవాళ్లకు ఆ లెక్కంతా అందకుండా పోయింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాక మళ్లీ నిలబడగలిగేది ఎవరు? మాట రాయడం, కెమెరా పట్టడం, తమ ఊరి యాసలో పాత్ర నిలపడం చేతిలో ఉన్నవాళ్లు. ఆ పని ఏ యాప్‌లోకైనా వెంట వస్తుంది, ఫాలోయర్ల సంఖ్య రాదు. లంబాడిపల్లి నుంచి వచ్చే యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో నిలబడింది పల్లె మాట మీద, పల్లె మనుషుల మీద. అందుకే ఫాలోయర్ల లక్ష్యం పెట్టుకునే పిల్లలకు దాని బదులు పని లక్ష్యం చెప్పండి: వారానికి ఒక వీడియో, పన్నెండు వారాలు, ప్రతిదానిలో ఒకే ఒక్క కొత్త విషయం నేర్చుకోవడం. ఈ వారం శబ్దం, వచ్చే వారం కాంతి. పన్నెండూ అయ్యాకే వ్యూస్ చూసుకోవాలి. మూడో వీడియోకే చూసుకుంటే నాలుగోది రాదు.

చివరగా ఫలితాల రోజు. ఆ రోజు కోసం ముందే మాట్లాడుకోవాలి, ఫలితం వచ్చాక కాదు. సైట్ ఎవరు తెరుస్తారు, మొదట ఎవరికి చెబుతారు, బంధువుల ఫోన్లు ఎవరు ఎత్తుతారు? 'రిజల్ట్ చూశాం, సాయంత్రం మాట్లాడతాం' అనే ఒక్క మాట రాసిపెట్టుకుంటే చాలు. ఆ పూటకు స్టేటస్‌లు మ్యూట్ చేయండి. మార్కులు తక్కువైతే రీవెరిఫికేషన్‌కు, సప్లిమెంటరీకి ఫీజు గడువులు దగ్గర్లోనే ఉంటాయి, ఆ తేదీలు కాగితం మీద రాసి గోడకు అంటించడం ఆ రోజు చేయదగ్గ మొదటి ఉపయోగకరమైన పని. పిల్లలు అన్నం మానేసి గది తలుపేసుకున్నా, తమ వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, 'నేను లేకపోతే మీకు బాగుంటుంది' లాంటి మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి, చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం నిజం కాదు. టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ పిల్లలే చేయాలని లేదు, అమ్మానాన్నలు, స్నేహితులు, హాస్టల్ వార్డెన్ ఎవరైనా చేయవచ్చు.